ఆడినా ఆడకపోయినా కట్టే డబ్బు

ప్రశ్న: నమస్కారం సార్. మాది నెల్లూరు, వేదాయపాళెం. మా ఆయన కృష్ణపట్నం పోర్టులో షిఫ్టు ఉద్యోగం చేస్తారు. రెండేళ్ల కిందట బోనస్ వస్తే పీఎస్5 అని టీవీకి తగిలించి ఆడే సోనీ గేమ్ మెషీన్ కొనుక్కున్నారు, డిస్కు పెట్టే రకం. దానికి నేనేమీ అనలేదు. కొన్నాక కూడా డబ్బు పోతూనే ఉంది, అదే నా బాధ. ఆ మెషీన్‌కు పీఎస్ ప్లస్ ఎక్స్‌ట్రా అనే చందా, ఏడాదికి 6,699 రూపాయలు. నెలనెలా కడితే 749 అట, ఒకేసారి కడితే కలిసొస్తుందని కట్టానంటారు. లాప్‌టాప్‌లో గేమ్ పాస్ అని మైక్రోసాఫ్ట్ వాళ్ల ఆటల చందా ఇంకోటుంది. మొదటి నెల ఆఫర్‌లో తీసుకున్నది, ఇప్పటికీ స్టేట్‌మెంట్‌లో కనిపిస్తోంది, అంకె మాత్రం పెద్దదయింది. మా పాపకు ఆరేళ్లు. నా ఫోన్‌లో దాని ఆటల కోసం గూగుల్ వాళ్ల ప్లే పాస్ చందా నెలకు 99. ఇంతా కట్టి ఈయన ఆడేది ఒక క్రికెట్ ఆట, ఒక ఫుట్‌బాల్ ఆట. ఆ రెండు డిస్కులూ విడిగా కొన్నవే. కావలిలో తనతో చదువుకున్న స్నేహితులతో రాత్రిపూట ఆన్‌లైన్‌లో ఆడతారు. దండగ కదా అంటే "నేనేమన్నా బయటికెళ్లి తాగుతున్నానా?" అంటారు. పక్కింటాయన రమ్మీలో పోగొట్టుకున్నది చూశాక నాకు టెన్షన్‌గా ఉంది. ఇదీ అలాంటిదేనా? వచ్చే నెల 14న మళ్లీ 6,699 కట్ అవుతుంది. ఆపించమంటారా? ఇంకోటి, ఆ రిమోట్ లాంటిది పాడైందట, ఎవరూ ముట్టుకోకుండానే బొమ్మ ఎడమవైపుకు నడుస్తోందట. కొత్తది కొనాలంటున్నారు. అది నిజమేనా?

— ఒక ఇల్లాలు

సమాధానం: అమ్మా, ముందు రమ్మీ భయం తీసేద్దాం, లేకపోతే మిగతాది మీ చెవికెక్కదు.

ఇది అది కాదు. రమ్మీలో పోయే డబ్బుకు అడ్డుకట్ట లేదు, ఒక్క రాత్రిలో జీతమంతా పోవచ్చు. ఇక్కడ ఏడాదికి ఎంత పోతుందో ముందే తెలుసు, గెలిచేదీ లేదు, పోగొట్టుకున్నది రాబట్టుకోవాలన్న పట్టుదలా లేదు. చట్టం కూడా ఈ రెంటినీ ఒకే గాటన కట్టలేదు. మన రాష్ట్రం 2020లోనే ఆన్‌లైన్ రమ్మీ, పోకర్‌లను నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను దేశమంతటా నిషేధించింది. సరదాకు ఆడే ఆటలకు మాత్రం సబ్‌స్క్రిప్షన్ తీసుకోవచ్చని, అది పందెం సొమ్ములా ఉండకూడదని అదే చట్టంలో ఉంది. కాబట్టి మీ ఇంట్లో జరిగేది పేకాట కాదు.

ఒక్క చోట మాత్రం కన్నేసి ఉంచండి. ఫుట్‌బాల్ ఆటల్లో ప్యాకులని అమ్ముతారు. లోపల ఏ ఆటగాడు ఉన్నాడో తెలియకుండా డబ్బిచ్చి విప్పుకోవాలి. తిరునాళ్లలో చీటీ తీయించి బొమ్మలిచ్చే కొట్టు చూశారు కదా, అదే. బెల్జియం 2018లో వీటిని జూదం కిందే లెక్కగట్టింది, ఆ తర్వాత అక్కడ ఫిఫా ఆటలో ప్యాకుల పాయింట్లు అమ్మడం ఆపేశారు. మీ స్టేట్‌మెంట్‌లో సబ్‌స్క్రిప్షన్ కాకుండా వందా రెండొందలూ విడివిడిగా కనిపిస్తే అడగాల్సింది వాటి గురించే. కనిపించకపోతే మంచిది.

ఇక అసలు విషయం. నా పాత వ్యాపారం గురించి కొంచెం చెప్పాలి. ఇది స్వోత్కర్షలా ఉండదు లెండి, అందులో నష్టపోయాను.

2006లో బాలాజీ నగర్‌లో ఒక సందులో నాకు చిన్న గేమ్ పార్లర్ ఉండేది. నాలుగు పీఎస్2లు, నాలుగు పాత టీవీలు, ఒక టేబుల్ ఫ్యాను. గంటకు 15 రూపాయలు. పొడవాటి లెడ్జరులో పేరు, వచ్చిన టైము, పోయిన టైము రాసేవాణ్ణి. సాయంత్రం నాలుగున్నరకు బడి వదిలిపెడితే ఐదింటికల్లా గుమ్మం ముందు చెప్పులకు చోటుండేది కాదు. జూన్‌లో బళ్లు తెరిచేసరికి పగటిపూట బేరం చచ్చిపోయింది. అప్పుడొక ఉపాయం తోచింది. నెలకు 300 కడితే ఎంతసేపైనా ఆడుకోవచ్చని అట్టముక్క మీద రాసి తగిలించాను. 300 అంటే 20 గంటల డబ్బు. రోజూ గంట ఆడేవాడికి లాభమే కదా అని పిల్లలు ఎగబడ్డారు. మొదటి నెల 22 మంది కట్టారు. 6,600 వచ్చింది. మీ ఆయన ఏడాదికి కట్టేదానికి సరిగ్గా 99 తక్కువ. ఆ 99 మీ పాప ఆటలకు పోతోంది, చూశారా!

నెలాఖరున లెడ్జరు ముందేసుకుని లెక్క చూశాను. ఇరవై గంటలు దాటి ఆడింది నలుగురు. తొమ్మిది మంది ఐదు గంటలు కూడా ఆడలేదు. ఒకడికి జ్వరం, ఒకడికి యూనిట్ టెస్టులు, ఒకడి నాన్నకు తెలిసిపోయింది, ఇంకొకడికి ఊరికే బుద్ధి పుట్టలేదు. స్టోన్‌హౌస్‌పేట నుంచి సైకిల్ మీద వచ్చే కళ్లద్దాల కుర్రాడొకడు మాత్రం 70 గంటలు ఆడాడు. వాడికి గంట నాలుగు రూపాయల పావలాకు పడింది. ఐదు గంటలు ఆడినవాడికి గంట 60 పడింది. ఇద్దరి చేతిలోనూ ఒకే కార్డు. నా దగ్గర గంటకు కట్టి ఆడి ఉంటే ఆ రెండోవాడికి 75 రూపాయల్లో పని అయిపోయేది.

అందులో నాకు ఇప్పటికీ వింతగా ఉండేది ఒకటుంది. రాని పిల్లలెవరూ వచ్చి డబ్బు వాపసు అడగలేదు. పైగా 14 మంది రెండో నెలకు మళ్లీ కట్టారు, ఈసారి బాగా ఆడతామని. కార్డు జేబులో ఉంటే ఆడినంత తృప్తి కాబోలు. (కళ్లద్దాల కుర్రాడి దెబ్బకు రెండు రిమోట్ల మీద బొటనవేలితో తిప్పే ఎడమ స్టిక్కులు అరిగిపోయాయి. నా లాభం అక్కడికి సరిపోయింది. అది వేరే కథ.)

ఇప్పటి గేమ్ సబ్‌స్క్రిప్షన్ నా అట్టముక్క బోర్డుకు పెద్ద రూపం. వందల ఆటలు చూపించి, ఎన్నైనా ఆడుకోమంటారు. ఆడేవాడికి నిజంగానే చవక. ఆడనివాడి డబ్బుతో ఆడేవాడికి చవక అవుతుంది. కాబట్టి ఇది దండగా కాదా అని అందరికీ కలిపి ఒక జవాబు చెప్పలేను. మీ ఆయన ఆ 22 మందిలో ఎవరో తేలాలి.

మీ ఉత్తరాన్ని బట్టే సగం తేలిపోయింది. ఆయన ఆడే రెండు ఆటలూ డిస్కు కొన్నవే. అంటే ఎక్స్‌ట్రా ఇచ్చే వందల ఆటల్లోంచి ఆయన పళ్లెంలోకి ఏదీ రావడం లేదు. మరి ఆయనకు అక్కరకొచ్చేది ఏమిటి? ఆన్‌లైన్. పీఎస్4 వచ్చిన 2013 నుంచీ సోనీ మెషీన్‌లో డబ్బిచ్చి కొన్న ఆటను ఇంకొకరితో ఆన్‌లైన్‌లో ఆడాలంటే పీఎస్ ప్లస్ ఉండాల్సిందే. ఉచితంగా దొరికే ఆటలకు అక్కర్లేదు, డబ్బిచ్చి కొన్నవాటికే కావాలి. ఇది నాకు మింగుడుపడని విషయం. ఆట కొన్నాం, మెషీన్ కొన్నాం, ఇంటికి ఫైబర్ నెట్ బిల్లు కడుతున్నాం, మళ్లీ గుమ్మం దాటడానికి టోల్. కంప్యూటర్‌లో ఈ టోల్ లేదు. సరే, మనం గింజుకుంటే మారేది కాదు.

ఆ టోల్ కట్టడానికి ఎక్స్‌ట్రా అక్కర్లేదు. 2022 జూన్‌లో పీఎస్ ప్లస్‌ను మూడు మెట్లుగా చేశారు: ఎసెన్షియల్, ఎక్స్‌ట్రా, డీలక్స్. ఆన్‌లైన్ ఆడుకునే వీలు కింది మెట్టులోనే ఉంది. దాని మీద నెలనెలా కొన్ని ఆటలు కూడా ఇస్తారు, సబ్‌స్క్రిప్షన్ ఉన్నన్నాళ్లూ ఆడుకోవచ్చు. 2023 సెప్టెంబరులో ధరలు పెంచినప్పుడు ఎసెన్షియల్ ఏడాదికి 3,949 అయింది, ఎక్స్‌ట్రా 4,999 నుంచి 6,699కి ఎక్కింది. రెంటికీ తేడా 2,750 రూపాయలు. ఆయన ఎక్స్‌ట్రా జాబితాలోంచి గత ఏడాదిలో ఒక్క ఆట కూడా ఆడకపోతే ఆ 2,750 అచ్చంగా దండగే. మీరన్నది నిజం, కానీ మొత్తానికి కాదు, ఆ ముక్కకే.

మిగిలిన 3,949 సంగతి అంటారా? రోజుకు పదకొండు రూపాయలు కూడా పడదు. కావలి స్నేహితులు ఒకరు హైదరాబాదులో, ఒకరు చెన్నైలో, ఒకరు ఎక్కడో దేశం బయట ఉంటారనుకుంటున్నాను, ఈ వయసులో అందరిదీ అదే తంతు. షిఫ్టు దిగి ముత్తుకూరు రోడ్డు మీద దుమ్ము తిని ఇంటికొచ్చినవాడు, స్నానం చేసి, వాళ్లతో తిట్టుకుంటూ ఓ గంట క్రికెట్ ఆడుకోవడానికి రోజుకో టీ ఖర్చు. దీన్ని నేను దండగ అనలేను. మీరు అనగలిగితే అనండి, మీ ఇల్లు.

ఆయనతో వాదన పెట్టుకోకుండా లెక్క ఆయన చేతే చేయించండి. పీఎస్5లో ఆయన ప్రొఫైల్ తెరిస్తే ఆట ఆటకూ ఎన్ని గంటలు ఆడారో ఉంటుంది. నా లెడ్జరు లాంటిదే, కాకపోతే తప్పు రాయదు. ఆదివారం తీరిగ్గా కూర్చుని పాప పాత నోటుబుక్కులో రెండు నిలువు గీతలు గీయండి. ఒక పక్క డిస్కు ఆటల గంటలు, ఇంకో పక్క ఎక్స్‌ట్రాలోంచి దింపుకున్న ఆటల గంటలు. రెండో పక్క మొత్తంతో 2,750ని భాగించమనండి. గంటకు 20, 30 పడితే నోరెత్తకండి, ఆ డబ్బు వసూలైనట్టే. 300 పడితే ఆయనే ముఖం పక్కకు తిప్పుకుంటారు. సున్నా వస్తే భాగించడం కూడా కుదరదు.

ఒకేసారి ఏడాదికి కడితే కలిసొస్తుందన్న మాట ఉంది చూశారా, అక్కడే చాలామంది జారిపడతారు. మీరు రాసిన ధరలతోనే చూద్దాం. నెలకు 749 చొప్పున ఎనిమిది నెలలకు 5,992. తొమ్మిది నెలలకు 6,741. అంటే ఏడాదిలో తొమ్మిది నెలలు తప్పకుండా ఆడేవాడికే ఏడాది ప్లాను లాభం, అదీ 42 రూపాయలతో మొదలు. ఆరు నెలలు ఆడి ఆరు నెలలు మూలన పెట్టేవాడు నెలవారీ కట్టుకుంటే 4,494తో సరిపోతుంది. మెస్సులో నెల కార్డు తీసుకుని పదిహేను రోజులు అత్తగారింట్లో తిన్నట్టుంటుంది ఏడాది ప్లాను. ఎక్స్‌ట్రా కావాలనే వాళ్లకు నేను చెప్పేది ఒకటే: లీవు పెట్టిన నెలలోనో, సంక్రాంతి సెలవుల్లోనో ఒక నెలకు తీసుకోండి, కథ ఉన్న ఆటలు రెండు పూర్తి చేయండి, ఆపేయండి. ఆపితే ఆడినంతవరకూ పోతుందని భయపెడతారు. పోదు. ఎక్కడిదాకా వచ్చామో ఆ సేవ్ మెషీన్‌లోనే ఉంటుంది, మళ్లీ కట్టినప్పుడు అక్కడి నుంచే మొదలవుతుంది.

మీ ఆయన విషయంలో ఇది కొంచెం తిరకాసు. ఆయనకు ఏడాది పొడుగునా ఆన్‌లైన్ కావాలి కాబట్టి ఎసెన్షియల్ ఏడాదికి కట్టడమే మేలు. కానీ అది నడుస్తుండగా ఒక్క నెలకు ఎక్స్‌ట్రాకు ఎక్కి దిగడం కుదరదు, మిగిలిన కాలమంతటికీ తేడా కట్టమంటుంది. అలాంటప్పుడు డిస్కే దారి. ఆయన కొన్నది డిస్కు పెట్టే మెషీన్ కావడం మీ అదృష్టం. పీఎస్5 మన దేశంలో 2021 ఫిబ్రవరిలో వచ్చినప్పుడు డిస్కు రకం 49,990, డిస్కు లేనిది 39,990. ఆ పదివేలు మిగుల్చుకున్నామని సంబరపడిన వాళ్లు ఇవాళ సెకండ్ హ్యాండ్ కొనలేరు, ఆడేశాక అమ్మలేరు. వచ్చిన కొత్తలో 4,999 ఉన్న ఆట ఏడాది ఆగితే సగానికో అంతకన్నా తక్కువకో పాత డిస్కు దొరుకుతుంది. ఆడి, గీతలు పడకుండా చూసుకుని, మళ్లీ అమ్మేస్తే చేతి నుంచి పోయేది ఐదారు వందలు. సబ్‌స్క్రిప్షన్లో ఉన్న ఏ ఆటనూ అలా అమ్ముకోలేం.

ఎక్స్‌ట్రాను నేను తిడుతున్నానని అనుకోకండి. కొత్త ఆట ఒక్కోటి ఐదువేలు పలికే చోట, ఏడాదికి ఆరేడు ఆటలు వరసగా ముగించేవాడికి 6,699 చాలా చవక. పెళ్లి కాని కుర్రాడికి, ఇంట్లోంచి పని చేస్తూ రాత్రి మూడు గంటలు ఖాళీ ఉన్నవాడికి, అన్నదమ్ములు ఒకే మెషీన్ పంచుకునే ఇంటికి నేనే తీసుకోమంటాను. ఆ మెషీన్‌లో ఒకరు కడితే మిగతావాళ్ల అకౌంట్లకూ ఆటలు తెరుచుకుంటాయి. మీ ఆయన ఆ కోవలోకి రారు. షిఫ్టు, పాప, మీరు, ఇక మిగిలేదెంత?

లాప్‌టాప్‌లోది ఇవాళే ఆపేయండి. దీనికి లెక్క కూడా అక్కర్లేదు, ఎందుకంటే ఆయన దాన్ని ఆడుతున్నట్టు మీరు ఒక్క మాట కూడా రాయలేదు. మొదటి నెల నామమాత్రపు ధర, రెండో నెల నుంచి అసలు ధర, మనకు గుర్తుండదు, వాళ్లకు గుర్తుంటుంది. అంకె పెద్దదయిందన్నారు, అది మీ భ్రమ కాదు. గేమ్ పాస్ 2017లో మొదలైంది. దాని పెద్ద ప్లాను అల్టిమేట్ అమెరికాలో నెలకు 14.99 డాలర్లు ఉండేది. 2023లో 16.99, 2024లో 19.99, 2025 అక్టోబరులో ఏకంగా 29.99. రెండేళ్ల పైచిలుకులో రెట్టింపు. అందరూ అలవాటు పడేదాకా చవగ్గా ఇచ్చి, తర్వాత రేటు పెంచడం నెల్లూరు వాళ్లకు కొత్తేమీ కాదు. మొదటి ఏడాది రొయ్యల చెరువు కౌలు ఎంతుందో, రేటు బాగా పలికిన మరుసటి ఏడాది ఎంతుందో మీ చుట్టాల్లో ఎవరినడిగినా చెబుతారు.

కౌలు అన్నాను కాబట్టి ఇంకొక మాట. సబ్‌స్క్రిప్షన్ ఆటలు కౌలు భూమి లాంటివి, మానితే గట్టు దిగాలి, మానకపోయినా ఒక్కోసారి జాబితాలోంచి ఆటను తీసేస్తారు. ఇది అందరికీ తెలుసు. డౌన్‌లోడ్ చేసి "కొన్న" ఆటకు కూడా పట్టా మన పేరున ఉండదని మాత్రం చాలామందికి తెలియదు. అది ఆడుకునే లైసెన్సు, అంతే. ది క్రూ అనే కార్ల ఆటను దాని కంపెనీ యూబీసాఫ్ట్ 2024 మార్చి 31న సర్వర్లు ఆపేసి మూసేసింది. డబ్బిచ్చి కొన్నవాళ్లు కూడా ఇక ఆడలేకపోయారు. అది ఎప్పుడూ ఆన్‌లైన్‌లో ఉండాల్సిన ఆట, అందుకే డిస్కు ఉన్నవాళ్లకూ లాభం లేకపోయింది. మీ ఆయన క్రికెట్ డిస్కు అలాంటిది కాకపోతే, ఒంటరిగానైనా, నెట్ లేకపోయినా ఆడుకోవచ్చు.

ఇక మీ పాప 99. మూడింట్లో అన్నిటికన్నా చిన్నది, మీరు అన్నిటికన్నా ముందు ఆపుదామనుకుంటున్నది అదే అయుంటుంది. అది ఉంచండి. ఆరేళ్ల పిల్ల ఆడే ఉచిత ఆటలు ఒకసారి పక్కన కూర్చుని చూడండి. రెండు నిమిషాలకో ప్రకటన, ఆ ప్రకటనలో మూలన కనీ కనిపించని ఇంటూ గుర్తు, పిల్ల వేలు దాని పక్కన పడితే ఇంకేదో తెరుచుకుంటుంది. తర్వాత "ఈ పిల్లికి గౌను కావాలంటే కొను" అని ఒక బొత్తాం. ప్లే పాస్‌లో ఉన్న ఆటల్లో ప్రకటనలుండవు, లోపల కొనే బొత్తాలుండవు. అది 2022లో మన దేశానికి వచ్చింది, నెలకు 99, ఏడాదికి 889. మీరు నెలనెలా కడితే 1,188 అవుతోంది. పాప రోజూ ఆడుతుంటే ఏడాదికి మార్చుకోండి, 299 మిగులుతుంది. ఫ్యామిలీ గ్రూపు పెట్టుకుంటే ఇంకో ఐదుగురు అదే డబ్బులో వాడుకోవచ్చు, మీ అక్కచెల్లెళ్ల పిల్లలుంటే వాళ్లనూ చేర్చండి. కానీ పాప చూసేది యూట్యూబే అయితే ఇదీ దండగే, నా మాట పట్టుకుని ఉంచేయకండి.

ఆపే పద్ధతి చెబుతాను, ఎందుకంటే కంపెనీలు మొదలుపెట్టే బొత్తాన్ని ముందు గదిలో, ఆపే బొత్తాన్ని అటక మీద పెడతాయి. పీఎస్5లో సెట్టింగ్స్, అక్కడ యూజర్స్ అండ్ అకౌంట్స్, అందులో అకౌంట్, ఆ కింద పేమెంట్ అండ్ సబ్‌స్క్రిప్షన్స్. అక్కడ పీఎస్ ప్లస్ మీద నొక్కి ఆటో రెన్యూ తీసేయమనండి. ఇవాళ తీసేసినా 14వ తేదీ దాకా ఎక్స్‌ట్రా నడుస్తుంది, ఒక్క రోజు కూడా పోదు. గడువు అయ్యాక ఎసెన్షియల్ ఏడాదికి తీసుకోవచ్చు. ఆ రోజు స్క్రీన్ మీద ఏ ధర ఉందో చూసుకునే కట్టండి, ఈ ధరలు పండగ బట్టల్లా మారుతుంటాయి. ప్లే స్టోర్‌లో అయితే పైన మీ ఫొటో మీద నొక్కితే పేమెంట్స్ అండ్ సబ్‌స్క్రిప్షన్స్ కనిపిస్తుంది. యూపీఐ మీద ఆటోపే పెట్టి ఉంటే ఆ యాప్‌లో కూడా మ్యాండేట్ (డబ్బు కట్ చేసుకోమని ఇచ్చిన అనుమతి) రద్దు చేసుకోండి.

డబ్బు ఎలా కట్ అవుతోందో తెలుసుకోవడం కూడా మంచిదే. కార్డు మీద ప్రతిసారీ దానంతటదే పోయే చెల్లింపులకు రిజర్వ్ బ్యాంకు 2021 అక్టోబరు నుంచి కట్టుదిట్టం చేసింది. కట్ అయ్యే ముందు కనీసం 24 గంటలకు బ్యాంకు మెసేజ్ పంపాలి, అందులో వద్దనుకునే వీలుండాలి. మొదట్లో ఐదువేలు దాటితే ప్రతిసారీ ఓటీపీ అడగాలన్నారు. 2022 జూన్‌లో ఆ హద్దును 15,000కు పెంచారు. లేకపోతే ఈ 6,699కి ఏటా ఓటీపీ వచ్చేది, ఆయన ఒక్క క్షణమైనా ఆగి ఆలోచించేవారు. ఇప్పుడు చడీచప్పుడు లేకుండా పోతుంది. కాబట్టి 13వ తేదీకల్లా వచ్చే ఆ మెసేజ్‌ను ఆఫర్ల మెసేజీల్లో కలిపి తుడిచేయొద్దని ఆయనకు చెప్పండి. నా సంగతి అడిగితే, ఒక సినిమా యాప్‌కు రెండేళ్లు కట్టాను, చూసింది మూడు సినిమాలు. మెసేజ్ రెండుసార్లూ వచ్చింది. రెండుసార్లూ నేనే చదవలేదు. అప్పుడు మా ఆవిడ అన్న మాటలు ఇక్కడ రాయడం బాగోదు.

"బయటికెళ్లి తాగుతున్నానా" అన్న మాట గురించి మీరు సలహా అడగలేదు, అయినా చెబుతాను. అది సమాధానం కాదు, తప్పించుకోవడం. తాగకపోవడం అనేది చందా కట్టి సంపాదించుకునే మినహాయింపు కాదు కదా. కానీ మీ ఉత్తరం రెండోసారి చదివితే నాకొకటి తోచింది. మెషీన్ యాభైవేలు పెట్టి కొన్నప్పుడు మీరేమీ అనలేదు. 6,699 దగ్గర కోపం వచ్చింది. అప్పుడు మీకు చెప్పి కొన్నారు, ఇప్పుడు స్టేట్‌మెంట్ చూస్తే తెలిసింది. తేడా అదేనేమో చూసుకోండి. అదే అయితే ఏ ప్లాను తీసుకున్నారన్నది పెద్ద సంగతి కాదు, ఇంటి క్యాలెండర్‌లో గ్యాసు బుకింగ్, పాల లెక్క రాసుకునే చోటనే ఆ 14వ తేదీ కూడా రాయించండి. రాసేది ఆయన చేతే.

ఇక ఆ రిమోట్. దాన్ని కంట్రోలర్ అంటారు, ఆ జబ్బును డ్రిఫ్ట్ అంటారు. బొమ్మ ముట్టుకోకుండానే నడవడానికి కారణం, ఎడమ స్టిక్ కింద ఉండే చిన్న సెన్సర్ అరిగిపోవడమో, అందులో దుమ్ము చేరడమో. ఎడమదే ముందు పోతుంది, ఎందుకంటే పరిగెత్తించేది దానితోనే. బిల్లు తీసి చూడండి, వారంటీ ఏడాదే కాబట్టి మెషీన్‌తో వచ్చిన కంట్రోలరైతే దాటిపోయుంటుంది. కొత్తది ఇప్పుడే కొనొద్దు. ముందు సెట్టింగ్స్‌లో స్టిక్ డెడ్ జోన్ (స్టిక్ కాస్త కదిలినా ఆట పట్టించుకోని మేర) కొంచెం పెంచుకునే వీలు ఆ ఆటలో ఉందేమో చూడమనండి, జబ్బు చిన్నదైతే దాంతోనే సర్దుకుంటుంది. లేకపోతే స్టిక్ ఉండే భాగం (మాడ్యూల్) ఒక్కటే ఊడదీసి కొత్తది టంకం పెట్టి బిగిస్తారు. సెల్‌ఫోన్ బోర్డులు బాగు చేసే చేయి తిరిగిన కుర్రాళ్లు మన ట్రంక్ రోడ్డు చుట్టుపక్కల సందుల్లో ఉన్నారు. ఇచ్చేముందు ఇంతకుముందు ఈ పని చేశావా అని అడగండి, చేశానంటేనే విప్పనివ్వండి. పని అయ్యాక అక్కడే నిలబడి స్టిక్‌ను నాలుగు వైపులా తిప్పి చూసుకుని డబ్బివ్వమనండి.